డబ్బు ఎవరిదైతే సినిమా వాళ్ళదేనా?

2024 సెప్టెంబరులో చెన్నైలో ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా వాళ్ళు ఆస్కార్‌కి పంపే సినిమా పేరు ప్రకటించారు. అది పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్' కాదు. ఎందుకు కాదని అడిగితే, జ్యూరీకి అది ఇండియాలో జరుగుతున్న యూరోపియన్ సినిమాలా అనిపించిందట, ఇండియన్ సినిమాలా అనిపించలేదట. అదేమో ముంబయిలో మలయాళీ నర్సుల కథ. లోకల్ రైళ్ళు, వాన, అద్దె గది, వంటింట్లో పనిమధ్య కబుర్లు. అందులో యూరప్ నుంచి వచ్చిందంటే ఒక్క రైస్ కుక్కరే. అది కూడా జర్మనీలో ఉన్న మొగుడు పంపాడేమోనని వాళ్ళలో ఒకావిడ అనుకునేది. చిత్రమేమిటంటే, నిర్మాణంలో ఫ్రాన్స్ డబ్బు కూడా ఉండటంతో, ఫ్రాన్స్ వాళ్ళు తమ తరఫున ఆస్కార్‌కి పంపడానికి చూసుకున్న నాలుగు సినిమాల్లో ఇదీ ఉంది. చివరికి ఆ దేశమూ పంపలేదు, ఈ దేశమూ పంపలేదు.

మొన్న బెంగళూరు మారతహళ్ళిలో మా ఆడపడుచు కూతురి సీమంతానికి వెళ్తే, భోజనాల దగ్గర ఈ ముక్కే మళ్ళీ వినబడింది. మా వారి పెదనాన్నగారబ్బాయి బొబ్బట్టు మీద నెయ్యి పోయించుకుంటూ, "ఫ్రాన్సువాడు డబ్బులిస్తే ఫ్రాన్సువాడికి నచ్చేట్టే తీస్తారు గదా వదినా, ఇందులో వింతేముంది?" అన్నాడు. అతను పనిచేసేది ఒక అమెరికన్ కంపెనీకి. వాళ్ళకి నచ్చేట్టు కోడ్ రాయడమే అతని ఉద్యోగం. కాబట్టి తన అనుభవం ప్రకారం తను సరిగ్గానే మాట్లాడాడు. సీమంతంలో వాదన పెట్టుకోవడం ఎందుకని నేను ఊరుకున్నాను. ఇక్కడ మాత్రం ఊరుకోనక్కర్లేదు.

నేను సినిమా మనిషిని కాను. జయనగర్‌లో చిన్న ఆఫీసు పెట్టుకున్న చార్టర్డ్ అకౌంటెంటుని. నా క్లయింట్లలో ఎక్కువమంది హార్డ్‌వేర్ షాపులవాళ్ళు, డాక్టర్లు. ఒక్కడు మాత్రం సినిమా డైరెక్టరు. మదనపల్లె కుర్రాడు, నన్ను అక్కా అంటాడు. ఇప్పుడు కుర్రాడనకూడదేమో, తల సగం నెరిసింది. వాడి పేరు రాయను, రాసినా మీలో చాలామందికి తెలియదు. వాడి పుణ్యమా అని జర్మన్ ఫండ్ల నిబంధనలు, ఫ్రెంచ్ నిర్మాతల కాంట్రాక్టులు చదవడం వచ్చింది.

అవన్నీ చదివాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది. పరాయి దేశాల డబ్బు సినిమాని మార్చేస్తుందన్న భయం చాలావరకు ఉత్తదే. ఆ డబ్బు తినేది తీసేవాడి వయసుని. మనం డైరెక్టరు తీసిన సినిమాలు లెక్కపెట్టి చప్పట్లు కొడతాం, లేకపోతే తిడతాం. సినిమాకీ సినిమాకీ మధ్య గడిచిన ఏళ్ళకి జీతం ఎవరిచ్చారో అడగం.

ఎవరెంత, ఎక్కడ ఖర్చు

ఇలాంటి సినిమాలకి కథ కన్నా ముందు తయారుగా ఉండాల్సిన కాగితం ఒకటుంది. ఫైనాన్స్ ప్లాన్ అంటారు. మావాడి షీటులో మొదటి వరుస ఒక జర్మన్ ప్రాంతీయ నిధి. రెండోది ఫ్రాన్స్ ప్రభుత్వ సినిమా సంస్థ సీఎన్‌సీ ఇచ్చే సాయం, దాని పక్కన 'అప్లై చేశాం' అని ఉంది. మూడోది ఒక డచ్ ఫండ్. తర్వాత ఇక్కడి నిర్మాత వాటా. దాని కింద ఒక టీవీ ఛానెల్ ముందస్తు కొనుగోలు, పక్కన ప్రశ్నార్థకం. అన్నిటికన్నా అడుగున డైరెక్టరు ఫీజు. దాని పక్కన 'డిఫర్డ్'. అంటే సినిమా అమ్ముడుపోయి, అందరి వాటాలూ తీరి, ఏమన్నా మిగిలితే అప్పుడు ఇస్తారు. ఈలోగా ఆ ఫీజుని డైరెక్టరు పెట్టిన పెట్టుబడి కింద చూపిస్తారు. మొత్తం షీటులో జేబులో రూపాయి లేకుండా పెట్టుబడి పెట్టినవాడు వాడొక్కడే.

ఇక్కడొక కిటుకు ఉంది. దీన్ని తెలుసుకుంటే యూరోపియన్ సినిమా అన్న మాట సగం పడిపోతుంది. ప్రాంతీయ నిధులు ఊరికే ఇవ్వవు. ఇచ్చిన డబ్బు తమ ప్రాంతంలోనే ఖర్చు కావాలంటాయి. జర్మనీలో కొన్నైతే ఇచ్చినదానికి ఒకటిన్నర రెట్లు అక్కడ ఖర్చు చూపించమంటాయి. వాళ్ళకది సినిమా మీద ప్రేమ ఒక్కటే కాదు, తమ ఊళ్ళోని స్టూడియోలకీ టెక్నీషియన్లకీ పని దొరకడం. అందుకని షూటింగు రాజస్థాన్‌లో జరిగితే సౌండ్ మిక్సింగు కొలోన్‌లో జరుగుతుంది, కలర్ గ్రేడింగు ఇంకోచోట, ఎడిటరు మరో దేశం నుంచి. టైటిల్స్‌లో వరసగా విదేశీ పేర్లు పడుతుంటే మనం, ఓహో వీళ్ళంతా కలిసి వండినట్టున్నారు అనుకుంటాం. ఆ పేర్లలో చాలావరకు డైరెక్టరు కళాదృష్టి కన్నా ఖర్చు లెక్కల సర్దుబాటే కనబడుతుంది నాకు. సర్దుబాటులోంచి మంచి పనివాళ్ళు దొరకడం కూడా జరుగుతుంది, అది వేరే సంగతి.

అనూప్ సింగ్ తీసిన 'కిస్సా' చూడండి. దేశవిభజన నేపథ్యం, మాట్లాడేదంతా పంజాబీ, ఇర్ఫాన్ ఖాన్ కొడుకు కోసం తపించే తండ్రి. పెట్టుబడి జర్మనీ, ఇండియా, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ దేశాలది. కెమెరామన్ జర్మన్, సంగీతంలో ఒక ఫ్రెంచావిడ చెయ్యి ఉంది. ఆ సినిమా చూసి ఇది జర్మన్ సినిమా అని ఎవరైనా అంటే నేను వాళ్ళ ఆడిట్ చెయ్యను.

ఇదేమీ కొత్త కాదు. మన పఠాభి సంగతే తీసుకుందాం. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' రాసి తెలుగు ఛందస్సుని ఆటపట్టించిన నెల్లూరు కవి పట్టాభిరామరెడ్డి, ఆ తర్వాత కె.వి.రెడ్డి దర్శకత్వంలో తెలుగు సినిమాలు నిర్మించి, బెంగళూరులో స్థిరపడి, 1970లో కన్నడంలో 'సంస్కార' తీశాడు. కెమెరా టామ్ కోవన్ అనే ఆస్ట్రేలియావాడిది. మద్రాసు సెన్సారు వాళ్ళు దాన్ని ఆపేస్తే పైదాకా వెళ్ళి విడిపించుకున్నారు. తర్వాత ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం తెచ్చుకున్న మొదటి కన్నడ సినిమా అయింది. డైరెక్టరు తెలుగువాడు, కళ్ళు ఆస్ట్రేలియావాడివి, భాష కన్నడం. అది ఎవరి సినిమా అన్న ప్రశ్న ఈ ఊళ్ళో ఎవరూ వేయగా నేను వినలేదు.

బ్యాంకు కౌంటర్ దగ్గర

మావాడికి మొదట వచ్చింది స్క్రిప్టు దశలో ఇచ్చే చిన్న గ్రాంటు. ఇలాంటివాటిలో పాతది రాటర్‌డ్యామ్ చిత్రోత్సవం 1988లో మొదలుపెట్టిన హ్యూబర్ట్ బాల్స్ ఫండ్. దాని స్క్రిప్టు సాయం 10,000 యూరోలు, మన లెక్కలో పది లక్షల లోపో కాస్త అటో ఇటో. మావాడికి ఇచ్చింది వేరే సంస్థ, మొత్తం కూడా ఆ దరిదాపుల్లోనే. డబ్బు అక్కడినుంచి బయల్దేరింది, ఇక్కడి బ్యాంకులో ఆగిపోయింది.

ఇద్దరం కలిసి బ్రాంచికి వెళ్ళాం. ఫారిన్ ఎక్స్ఛేంజి చూసే ఆఫీసరు మంచావిడే, వాదన కూడా న్యాయంగానే ఉంది. "గ్రాంటు అంటున్నారు. దానమా? దానమైతే విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ ఉందా? దానం కాదు, పనికి ఇచ్చిన డబ్బంటే ఇన్వాయిస్ ఏది? రెండూ కాదు, మళ్ళీ తిరిగి ఇవ్వాలంటే అది అప్పు, దానికి వేరే రూల్సు." అగ్రిమెంటు ఇంగ్లిషులోనే ఉంది, కానీ అందులో వాళ్ళు ఏ సేవ కొంటున్నారో రాయలేదు. స్క్రిప్టు రాసుకో అని ఇచ్చారు, అంతే. రాసిన స్క్రిప్టు వాళ్ళకి అక్కర్లేదు, హక్కులు కూడా వాడివే. అంత ఉదారంగా డబ్బిచ్చేవాళ్ళకి విదేశీ డబ్బు దేనికొచ్చిందో చెప్పే మన రిజర్వు బ్యాంకు పర్పస్ కోడ్ల జాబితాలో ఒక గడి అంటూ లేదు.

చివరికి సినిమా నిర్మాణ సేవల కింద పీ1101 అన్న కోడ్ వేయించి, దానికి తగ్గట్టు ఫండ్ వాళ్ళ దగ్గర ఒక ఉత్తరం తెప్పించి, విడిపించాం. ఈలోగా వాడు ఇంటి అద్దెకి భార్య పేరు మీద పర్సనల్ లోను తీసుకున్నాడు. ఆ అమ్మాయి ప్రైవేటు కాలేజీలో లెక్చరరు, ఇంట్లో జీతమని వచ్చేది ఆ ఒక్కటే. కాగితాల మీద ముద్రలు వేస్తూ ఆఫీసరు మావాణ్ణి అడిగిన ఆఖరి ప్రశ్న, "హీరో ఎవరు సార్?" వాడు "ఒక ముసలాయనండి" అన్నాడు. ఆవిడ నా వంక చూసింది. ఇంత కష్టపడి విడిపించింది దీనికోసమా అన్నట్టు.

వీసాల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరికీ తెలిసినదే. చిత్రోత్సవం వాళ్ళు టిక్కెట్టు, హోటలు ఇచ్చి పిలుస్తారు. వీసాకి మూడేళ్ళ ఐటీ రిటర్నులు పెట్టాలి. సినిమా డైరెక్టరు రిటర్నులో ఒక ఏడాది గ్రాంటు ఉంటుంది, తర్వాతి రెండేళ్ళు దాదాపు సున్నా. ఇతను తిరిగి ఇండియా వస్తాడని నమ్మడానికి ఆ సున్నాలు పనికిరావు. నేను కవరింగ్ లెటరు రాసిచ్చేదాన్ని, ఈయన ఆదాయం ఎందుకు ఇలా ఉందో వివరిస్తూ. పెళ్ళి సంబంధానికి సర్టిఫికెట్ ఇస్తున్నట్టు ఉండేది.

పన్నుల్లో కూడా ఒక తమాషా ఉంది. ఆదాయపు పన్ను రూల్సులో 'ఫిల్మ్ ఆర్టిస్ట్' అంటే నటులే కాదు, డైరెక్టరు, ఎడిటరు, పాటలు రాసేవాడు, దుస్తులు కుట్టించేవాడు అందరూ వస్తారు. వృత్తిదారులకి పెట్టిన సులువు పద్ధతిలో వచ్చినదాంట్లో సగం లాభం అనుకుని పన్ను కట్టేస్తే చాలు, లెక్కలు అడగరు. డాక్టర్లకి అది వరం. గ్రాంటు తీసుకున్న డైరెక్టరుకి సగం కాదు గదా పదో వంతు కూడా లాభం మిగలదు. కాబట్టి ప్రతి బస్సు టిక్కెట్టూ దాచుకోవాలి. వాడు దాచడు. నేను తిడతాను.

సినిమాకీ సినిమాకీ మధ్య

నేను వయసు అన్నది ఇందుకే. ఒక ఫండ్‌కి ఏడాదికి ఒకటో రెండో గడువులు. ఫలితం రావడానికి నెలలు. ఒకటి వస్తే దాన్ని చూపించి ఇంకోదానికి అప్లై చెయ్యాలి, రెండోది వచ్చేసరికి మొదటిదాని గడువు ముగిసిపోతుంది, పొడిగించమని బతిమాలాలి. మన దేశానికి ఫ్రాన్స్‌తో 1985లోనే, జర్మనీతో 2007లో కో-ప్రొడక్షన్, అంటే ఉమ్మడి నిర్మాణ ఒప్పందాలు అయ్యాయి. ఒప్పందం ఉన్నంత మాత్రాన డబ్బు రాదు, దరఖాస్తు పెట్టుకునే అర్హత వస్తుంది.

అనూప్ సింగ్ జీవితాన్ని ఈ దృష్టితో చూస్తే నాకు వేరేగా కనబడింది. పుట్టింది టాంజానియాలో దారెస్సలాంలో, పంజాబీ కుటుంబం. చదివింది పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో. స్థిరపడింది జెనీవాలో. మొదటి పెద్ద సినిమా బెంగాల్ దర్శకుడు రిత్విక్ ఘటక్ మీద, బెంగాలీలో, 2000 దాటిన తొలి ఏళ్ళలో. రెండోది 'కిస్సా', టొరంటో చిత్రోత్సవంలో చూపించింది 2013లో. మూడోది 'ద సాంగ్ ఆఫ్ స్కార్పియన్స్', లొకార్నోలో 2017లో. అది మన థియేటర్లకి వచ్చింది 2023 ఏప్రిల్‌లో. అప్పటికి ఇర్ఫాన్ పోయి మూడేళ్ళు. ఆ సినిమాలో వహీదా రెహ్మాన్ కూడా ఉంది. 'ఏరువాక సాగారో' అంటూ మన సినిమాలోనే తెరకెక్కిన మనిషి. ఆవిణ్ణి చూడటానికైనా మనవాళ్ళు వెళ్తారనుకున్నాను. నేను చూసిన ఆటకి హాల్లో మనుషుల కన్నా ఏసీ చలి ఎక్కువుంది.

రెండు దశాబ్దాల్లో మూడు సినిమాలు. బద్ధకం అనడానికి లేదు. ఆయన జెనీవాలో సినిమా పాఠాలు చెప్పుకున్నాడు. చాలామందిని నిలబెట్టేది ఆ పాఠాలే, లేకపోతే భార్యో భర్తో చేసే ఉద్యోగం. పత్రికల్లో వచ్చే ఇంటర్వ్యూల్లో ప్రేరణల గురించి అడుగుతారు, ఈ బతుకుతెరువు గురించి అడగరు.

నా వాదనకి అడ్డొచ్చేవాళ్ళు ఉన్నారు, దాచను. రితేష్ బత్రా. 'ద లంచ్‌బాక్స్' 2013లో ఇండియా, ఫ్రాన్స్, జర్మనీ డబ్బుతో వచ్చింది. 2017 ఒక్క ఏడాదిలో ఆయనవి రెండు సినిమాలు, ఒకటి బ్రిటన్‌లో, ఒకటి అమెరికాలో. ఎక్కడ తినేసింది ఆయన వయసుని? అయితే ఆ రెండూ అక్కడి నవలలు, అక్కడి నిర్మాతలు పిలిచి ఇచ్చిన పని. పిలిచి పని ఇచ్చినప్పుడు జీతం నెలనెలా వస్తుంది. తన కథ తాను తీసుకుంటానన్నవాడి దగ్గరే తిరకాసు. ఆయనకి దొరికిన రాబర్ట్ రెడ్‌ఫర్డ్, జేన్ ఫాండా లాంటి హాలీవుడ్ తారలని పెట్టి సినిమా తీసే అవకాశం వస్తే మావాడు కూడా మదనపల్లె ముసలాయన్ని కొన్నాళ్ళు పక్కన పెడతాడనే నా నమ్మకం. తప్పేమీ లేదు.

ఇక ఇరాన్ దర్శకుడు కియారోస్తమీ. వేళ్ళూనిన చెట్టుని పెకలించి ఇంకోచోట నాటితే కాయదని, కాసినా ఆ రుచి ఉండదని ఒకప్పుడు ఆయనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఇటలీ వెళ్ళి 'సర్టిఫైడ్ కాపీ' తీశాడు, జూలియెట్ బినోష్‌కి 2010లో కాన్స్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. 2012లో టోక్యోలో, తనకి రాని జపనీస్ భాషలో ఇంకోటి. నాకు ఆ రెండూ నచ్చాయి. అయినా 'వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్'లో పిల్లాడు కొండ ఎక్కి పరిగెత్తుతుంటే కలిగిన గుబులు వాటిలో లేదు. ఈ ముక్క నా వాదనకి దెబ్బే. కానీ ఆయన అక్కడికి వెళ్ళినప్పుడు అరవై తొమ్మిదేళ్ళ మనిషి, కథే అక్కడి కథ. డబ్బు విదేశానిది కావడం వేరు, కథ విదేశానిది కావడం వేరు. చెట్టు గురించిన మాట రెండోదానికి వర్తిస్తుంది.

థాయ్‌లాండ్ అపిచాట్‌పాంగ్ వీరసేథకుల్‌ది మూడో రకం. అక్కడి సెన్సారు, సైనిక ప్రభుత్వం భరించలేక 'మెమోరియా'ని కొలంబియా వెళ్ళి తీశాడు. అక్కడ ప్రశ్న డబ్బుది కాదు.

మరి రుచి మారదా?

మారదని మొత్తానికి చెప్పలేను. స్క్రిప్ట్ ల్యాబులని ఉంటాయి. కథలు తీసుకుని అక్కడికి వెళ్తే అనుభవమున్న రచయితలు కూర్చుని ప్రశ్నలడుగుతారు. మావాడి కథలో ముసలాయన కూతురు ఒక సీన్లో అయిదు నిమిషాలు తండ్రిని తిడుతుంది. అది తీసెయ్యమన్నారు, మౌనంగా ఉంటే బలంగా ఉంటుందన్నారు. వాడు చాలా బాధపడ్డాడు. "మా ఊర్లో ఏ కూతురు మౌనంగా ఉంటుందక్కా, అరస్తాది" అన్నాడు. వాడన్నది నిజం. చివరికి సీను సగానికి తగ్గించాడు. నేను రెండు వెర్షన్లూ చదివాను. తగ్గించిందే బాగుంది. అయితే ఇలాంటి సలహా వందమందికి ఇస్తే వంద సినిమాల్లో కూతుళ్ళు మౌనంగా కిటికీలోంచి చూస్తుంటారు. చిత్రోత్సవాల సినిమాలన్నీ ఒకేలా ఉంటాయని విసుక్కునేవాళ్ళ మాటలో ఆ మేరకు సత్యం ఉంది.

కథ ఎంపికలో కూడా. కరువు గురించిన కథకి ఫండ్ వాళ్ళు తలలూపారు. అంతకుముందు వాడు రాసుకున్న రియల్ ఎస్టేట్ హాస్యకథకి, మదనపల్లె బైపాస్ దగ్గర ఒకే ప్లాటుని ముగ్గురికి అమ్మిన బావ కథకి, ఎక్కడా స్పందన లేదు. నాకు ఆ బావ కథే ఇష్టం.

అయితే అసలు నష్టం ఇక్కడ కూడా లేదని నా అనుమానం. దరఖాస్తులో 'డైరెక్టర్స్ నోట్' అని రెండు పేజీలు రాయాలి. ఈ సినిమా నువ్వే ఎందుకు తీయాలి, ఇప్పుడే ఎందుకు తీయాలి అని. ఇంగ్లిషులో, వాళ్ళకి అలవాటైన ఒక ధోరణిలో రాయాలి. మావాడు మదనపల్లెలో చదివినా తర్వాత బెంగళూరు ఇంజనీరింగు కాలేజీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వల్ల ఆ ఇంగ్లిషు పట్టుబడింది. వాడికన్నా బాగా కథ చెప్పే వాడి స్నేహితుడొకడు పుంగనూరులో ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. అతని దగ్గర రెండు పేజీలు ఎవరు రాయిస్తారు? విదేశీ డబ్బు సినిమా రుచిని మార్చడం అటుంచండి, ఎవరు తీయాలో ముందే ఏరేస్తుంది. దీని గురించి ఎవరూ కోప్పడరు, ఎందుకంటే రాని సినిమా మీద కోప్పడటం కష్టం.

పి.ఎస్.వినోద్‌రాజ్ కనబడతాడు నాకు జవాబుగా. మధురై దగ్గర పేద కుటుంబం, చిన్నప్పుడే పనిలోకి వెళ్ళిన మనిషి. 'కూళాంగల్' తమిళంలో తీసి 2021లో రాటర్‌డ్యామ్‌లో టైగర్ అవార్డు తెచ్చాడు. కాగితం మీద రాసి ఒప్పించి కాదు, తీసేసి చూపించి. అలా తీసి చూపించాలంటే ముందు తీయడానికి డబ్బు ఇక్కడే దొరకాలి.

మన పెద్ద సినిమాల సంగతి

దొరుకుతుందా? తెలుగువాళ్ళం కదా, సినిమా డబ్బుకి మనకి లోటేమిటి. శాతకర్ణి యుద్ధాలు జార్జియాలోనూ మొరాకోలోనూ తీశాం. 'నాటు నాటు' ఆడింది కీవ్‌లో ఉక్రెయిన్ అధ్యక్షుడి భవనం ముందు. అమెరికా ప్రీమియర్ల టిక్కెట్లు ఎన్ని తెగాయన్నదాని మీద ఇక్కడ పండగ చేసుకుంటాం, డాలర్లలో. అక్కడి ప్రేక్షకుడి కోసం హీరోని న్యూజెర్సీ పంపిన కథలకి లెక్కలేదు. వాటిని ఎవరూ విదేశీ సినిమాలనరు. అదే ఒక మనిషి జర్మన్ నిధి డబ్బుతో మదనపల్లె ముసలాయన గురించి తీస్తే మాత్రం పౌరసత్వం గుర్తొస్తుంది. బొబ్బట్టు తింటూ చెప్పిన మా మరిదికి నేను చెప్పాల్సింది ఇదీ.

'వనజ' గుర్తుందా? రజనీష్ దోమలపల్లి అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో తన చదువు ముగింపుకి చేసిన సినిమా. తెలుగులో, కూచిపూడి నేర్చుకోవాలనుకునే పల్లెపిల్ల కథ, కొత్త నటులతో. 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి వచ్చింది. దాన్ని థియేటర్లో చూసిన తెలుగువాడు నాకింతవరకు తగల్లేదు. 'కేరాఫ్ కంచరపాలెం'ని మాత్రం అందరూ చూశారు. దాని నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు. అది కూడా బయటి డబ్బే. రానా పూనుకుని 2018లో ఇక్కడ జనం ముందు పెట్టాడు కాబట్టి అది మన సినిమా అయింది. పాయల్ కపాడియా సినిమాని ఇండియాలో విడుదల చేసింది కూడా రానా కంపెనీయే. సినిమా ఏ దేశానిదన్నది తీసినప్పుడు కన్నా విడుదలప్పుడు ఎక్కువగా తేలుతుందనిపిస్తుంది నాకు.

స్టార్ల డబ్బు మంచిదే. కానీ ఎక్కువగా అది సినిమా పూర్తయ్యాక వస్తుంది, అంటే వయసు ఖర్చయిపోయాక. వినోద్‌రాజ్ రెండో సినిమా 'కొట్టుక్కాళి'ని శివకార్తికేయన్ మొదటినుంచీ నిర్మించాడు. 2024లో అది బెర్లిన్ వెళ్ళింది. మొదటి సినిమాకీ దానికీ మధ్య మూడేళ్ళు. ఇందాకటి అనూప్ సింగ్ లెక్క పక్కన పెట్టి చూడండి.

ప్రభుత్వాల సంగతికొస్తే, 2023లో గోవాలో కేంద్రం ప్రకటించిన ప్రోత్సాహకం చూడటానికి ఘనంగా ఉంది. విదేశీ సినిమాలకి ఇక్కడ పెట్టిన ఖర్చులో 40 శాతం, 30 కోట్ల దాకా తిరిగి ఇస్తామన్నారు. అధికారిక కో-ప్రొడక్షన్లకి కూడా ఇలాంటి పథకమే ఒకటి పెట్టారు. తిరిగి ఇవ్వడం అన్నచోటే నా కన్ను పడుతుంది. ముందు ఖర్చుపెట్టగలిగినవాడికే అది. కర్ణాటక సబ్సిడీ కన్నడానికీ, తుళు, కొడవ, కొంకణి లాంటి ఇక్కడి భాషలకీ. బాగేపల్లి, ముళబాగిలు వైపు ఊళ్ళకి ఊళ్ళు తెలుగు మాట్లాడతాయి, అయినా అక్కడ తీసిన తెలుగు సినిమా ఆ జాబితాలో లేదు. కేరళ మాత్రం ఆడవాళ్ళు తీసే సినిమాకి కోటిన్నర దాకా తన కార్పొరేషన్ ద్వారా తనే పెడుతోంది, సినిమా మొదలు కాకముందే. దాని మీద కూడా ఫిర్యాదులుంటాయి, ప్రభుత్వం చేసే ఏ పని మీదైనా ఉన్నట్టే. అయినా వరుస సరైనది, డబ్బు ముందు, సినిమా తర్వాత.

మావాడు ఇప్పుడు రెండో సినిమాకి ఫైనాన్స్ ప్లాన్ వేస్తున్నాడు. ఈసారి బావ కథే, ఫ్రెంచ్ నిర్మాత ఒకామె ఆసక్తి చూపించింది. షీటు నాకు పంపితే నేను ఒక వరుస కలిపాను, 'డైరెక్టరు జీవనభృతి, రాసే కాలానికి, నెలనెలా' అని, డెవలప్‌మెంట్ ఖర్చుల్లో అన్నిటికన్నా పైన. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఆర్టికల్ అసిస్టెంటుకి నేనిచ్చే స్టైపెండ్‌కి రెట్టింపు కూడా కాదు. వాడు వెంటనే ఫోన్ చేశాడు. "అది తీసెయ్యక్కా, ఫండోళ్ళు చూస్తే వీడు డబ్బు మనిషి అనుకుంటారు." తియ్యనన్నాను. వాళ్ళ దగ్గర నిర్మాతకి ఓవర్‌హెడ్ అని ఒక శాతం ఉంది, లాయరుకి ఫీజుంది, నాకు కూడా ఆడిట్ ఫీజు రాసుంది, వాళ్ళెవరూ డబ్బు మనుషులు కారా అని అడిగాను. అరగంట వాదించుకున్నాం. ఆ వరుస ఉంచే పంపాం. ఆమె నుంచి రెండు ప్రశ్నలొచ్చాయి. ఒకటి జీఎస్టీ గురించి. రెండోది, ఈ భృతిలో సగాన్ని డిఫర్డ్‌లోకి మార్చడానికి మీ డైరెక్టరు ఒప్పుకుంటారా అని. మొదటిదానికి జవాబు రాసి పంపాను. రెండోదానికి వాడు ఒప్పుకునేలోపే కుదరదని నేనే రాద్దామనుకుంటున్నాను.